నలభై ఊళ్ళ మునిసిపాలిటీ

వేములేరులో మంచినీళ్ళ గొట్టాలు ఏ వీధి కింద ఎలా పోతున్నాయో చెప్పగలిగిన నక్షా ఒకటే ఉంది. అది అంకమ్మరావు తలకాయలో ఉంది. మునిసిపల్ ఆఫీసులోనూ ఒకటి ఉండేదని, దాన్ని చెదలు తినేశాయని సూపరింటెండెంటు పూర్ణచంద్రం గారు అంటారు. తినడానికి అసలు గీసిందెప్పుడు అని అంకమ్మరావు అంటాడు. ఎవరి మాట నిజమైనా ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊరికి నీళ్ళందుతున్నది అంకమ్మరావు చేతిమీదుగానే. తెల్లవారుజామునే మనిషెత్తు ఇనప తాళం సైకిలుకి కట్టుకుని బయల్దేరి, రోడ్డు పక్క గుంటల్లో ఉన్న పదిహేడు వాల్వులనూ దాంతో ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోతాడు. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే ఏ వీధిలో ఎవరింటికి నీళ్ళెక్కుతాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాడు.

కాకపోతే ఆయన తలలో ఉన్న ఊరికి తూర్పు పడమరలు లేవు. నీళ్ళొచ్చే వైపు పైన, నీళ్ళు పోయే వైపు కింద. అంతటితో సరి. మిట్ట మీదున్న ట్యాంకు ఊరికి పైకొస, తన ఇల్లున్న దిగువపేట కిందికొస. బట్టల కొట్టు ఎక్కడయ్యా అని అడిగిన పాపానికి, "మూడో వాల్వు దాటి కిందికెళ్ళండి, నాలుగో వాల్వుకి పైనే ఉంటది" అని దారి చెప్తాడు. ఇంట్లోనూ ఇదే వరస. ఆయన భార్య సీతారావమ్మకి దిక్కులతో తప్ప మాట రాదు. "ఉప్పు తూర్పు గూట్లో ఉందయ్యా" అంటుంది. "తూర్పంటే పైదా కిందిదా?" అంటాడు ఈయన. ఆవిడ నెత్తి కొట్టుకుని తనే వచ్చి తీసిస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా కూరలో ఉప్పు మాత్రం ఎప్పుడూ తగ్గలేదు.

ఇలా నడిచిపోతున్న ఊళ్ళోకి ఒక పథకం వచ్చిపడింది.

మనుషుల బుర్రల్లో ఊరు ఎలా ఉంటుందో తేల్చడానికి రాజధాని నుంచి ఒక సంస్థవాళ్ళు వచ్చారు. మునిసిపాలిటీ ఉద్యోగులు నలభైమందిని కౌన్సిల్ హాల్లో కూర్చోబెట్టి, తలా ఒక తెల్ల కాయితం ఇచ్చి, ఎక్కడా చూడకుండా వేములేరు బొమ్మ గీయమన్నారు. పారిశుధ్య మేస్త్రి ఊరంతా మురిక్కాలవలే గీశాడు. పన్ను బిల్లు కలెక్టరు కుక్కలున్న ఇళ్ళు మాత్రం గీశాడు. అటెండరు మూడు టీ బడ్డీలు గీసి వాటి మధ్య ఆఫీసుని చుక్కలాగా పెట్టాడు. కమిషనర్ మార్తాండ్ గారు తన బంగళా, ఆఫీసు, జిల్లా కేంద్రానికి పోయే రోడ్డు గీసి మిగతా కాయితం శుభ్రంగా ఉంచారు. అంకమ్మరావు పైన ఒక ట్యాంకు పెట్టి, దాన్నుంచి కిందికి పాకే తీగలు గీశాడు. సంస్థవాళ్ళు దాన్ని ద్రాక్షపందిరి అనుకుని పక్కన పెట్టారు.

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. 'ఒకే పురపాలక సంఘ పరిధిలో నలభై ఊళ్ళు అనుమతి లేకుండా నిర్మింపబడి ఉన్నవి' అని దాని మొదటి వాక్యం. కమిషనర్ గారికి చెమటలు పట్టాయి. అనుమతి లేని మేడల్ని చూసీ చూడనట్టు వదిలెయ్యడం ఆయనకి అలవాటే గానీ అనుమతి లేని ఊళ్ళంటే చిన్న మాట కాదు. మర్నాడే పైవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తర్వు దిగింది.

'విషయము: మానసిక పటముల ప్రమాణీకరణ గురించి. తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ప్రతి ఉద్యోగి మెదడునందును ఒకే ఊరు, ఒకే కొలతతో, ఉత్తర దిశ పైభాగమునకు వచ్చునట్లుగా ఉండవలెను. కుడి, ఎడమ అను పదముల వాడుక తక్షణము రద్దు చేయడమైనది. మనిషి తిరిగినప్పుడెల్లా తిరిగిపోవు దిశలను పురపాలక సంఘము గుర్తించజాలదు. ఎదురుగా, పక్కన, వెనకాల, అవతల, అదిగో అను మాటలు వాడినవారు సంజాయిషీ ఇచ్చుకొనవలసి యుండును.'

సీతారావమ్మకి ఈ ఉత్తర్వు భలే నచ్చింది. "ఇన్నాళ్ళకి నా మాట గవర్నమెంటుకి అర్థమైంది. నీకే కాలేదు" అంది. అంకమ్మరావు సైకిలు తుడుచుకోసాగాడు.

ఆఫీసులో బల్లలన్నీ ఉత్తరముఖం తిప్పారు. దాంతో అర్జీలు పట్టుకొచ్చిన జనానికి గుమాస్తాల వీపులు కనిపించసాగాయి. జనం పెద్దగా తేడా గమనించలేదు. కమిషనర్ గారు మంచినీళ్ళు కావాలంటే, "గ్లాసుని నా మోచేతికి ఈశాన్యంగా ముప్పై సెంటీమీటర్లలో ఉంచవలసింది" అనేవారు. అటెండరు స్కేలు తెచ్చి కొలిచి పెట్టేలోపు ఆయన దాహం తీరిపోయేది.

అసలు తమాషా పంద్రాగస్టు కవాతులో జరిగింది. లెఫ్ట్ రైట్ రద్దయిపోయాయి కనక డ్రిల్లు మాస్టారు "పడమటి కాలు, తూర్పు కాలు" అని అరవడం మొదలుపెట్టాడు. ఉత్తరం వైపు నడిచినంతసేపూ బాగానే ఉంది. వెనక్కి తిరిగి దక్షిణంగా నడిచేటప్పుడు ఏ కాలు తూర్పుదో తేల్చుకోలేక ముగ్గురు పడ్డారు. ఇక జెండా దగ్గరికి మళ్ళడానికి తూర్పుకి తిరిగారో లేదో వరస మొత్తం ఆగిపోయింది. తూర్పుకి తిరిగినవాడికి ఉన్నవి ఉత్తరపు కాలూ, దక్షిణపు కాలూ. ఆ కాళ్ళకి ఉత్తర్వులు లేవు. పైవాళ్ళకి ఫోను చేసి, వివరణ వచ్చేదాకా నలభైమందీ ఎండలో అలాగే నిలబడ్డారు. అంకమ్మరావు వెనక వరసలో ఉన్నాడు గనక నెమ్మదిగా జారుకుని వెళ్ళి ఐదో వాల్వు కట్టేసి వచ్చాడు. లేకపోతే ఆ వీధి వీధంతా పొంగిపోయేది.

తరవాత ప్రామాణిక పటం వచ్చింది. కౌన్సిల్ హాలు గోడంతా పట్టేంత పెద్ద గుడ్డ మీద పెయింటరు రంగుల్లో ఊరంతా వేసి తెచ్చాడు. పైన ఉత్తరం. ఉత్తరాన మిట్ట, ట్యాంకు. అడుగున దక్షిణం, దిగువపేట. ఉన్న ఊరు ఉన్నట్టే వేశాడు, పాపం. అంకమ్మరావు కూడా చూసి, ఫరవాలేదు, పైన ఉండాల్సింది పైనే ఉంది అనుకున్నాడు.

వైస్ చైర్మన్ గోవర్ధనం గారు మాత్రం పటం చూస్తూనే కుర్చీలోంచి లేచారు. ఆయన వాస్తు చూపించందే చెప్పుల స్టాండు కూడా కొనరు.

"తల ఎటుంది?" అని అడిగారు.

"దేని తలండీ?" అన్నారు కమిషనర్ గారు.

"ఊరి తల. పటానికి పైభాగం తల కాదూ? అక్కడ ఉత్తరం అని రాశారు. ఉత్తరాన తల పెట్టి పడుకుంటుందా ఊరు? మీ ఇంట్లో ఎవరైనా పడుకుంటారా? ఈ ఊరు ఎందుకు బాగుపడట్లేదో నాకు ఇప్పుడు తెలిసింది."

హాలంతా గతుక్కుమంది. అందరూ ఇళ్ళలో మంచాలు ఎటున్నాయో గుర్తు చేసుకుని చూసుకున్నారు. నిజమే, ఉత్తరాన తల పెట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. ఊరి తల దక్షిణానికి తిప్పాలని అక్కడికక్కడే ఏకగ్రీవంగా తీర్మానం అయిపోయింది. కమిషనర్ గారు తల పట్టుకున్నారు. పటానికి పైన ఉత్తరం ఉండాలని పైవాళ్ళ ఉత్తర్వు, తల దక్షిణానికి ఉండాలని కౌన్సిల్ తీర్మానం. ఏది తప్పినా తన మెడకే చుట్టుకుంటుంది.

ఇలాంటప్పుడే సూపరింటెండెంటు పూర్ణచంద్రం గారు అక్కరకొస్తారు. ముప్పైరెండేళ్ళ సర్వీసులో ఆయన ఎన్నడూ ఏ ఉత్తర్వునీ ధిక్కరించలేదు, ఒకదానికొకటి పొసగని వాటితో సహా. "రెండూ అమలు చేద్దాం సార్" అన్నారాయన. "తీర్మానం ప్రకారం ఊరిని తిప్పేద్దాం. ఉత్తర్వు ప్రకారం పైన ఉత్తరం అనే మాటని మాత్రం కదల్చకుండా ఉంచుదాం."

పెయింటరు మళ్ళీ వేశాడు. ఊరు తలకిందులైంది. దిగువపేట పటంలో పైకెక్కింది, దాని మీద ఉత్తరం అని రాసుంది. ట్యాంకు అడుక్కి దిగింది, దాని కింద దక్షిణం అని రాసుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఊళ్ళో ట్యాంకు మాత్రం ఉన్నచోటే ఉంది, దానికి తీర్మానం కాపీ అందినట్టు లేదు.

ఇక పరీక్షలు మొదలయ్యాయి. నెల్లాళ్ళు పటం కంఠతా పట్టాలి, ఆ తరవాత కళ్ళు మూసుకుని అడిగిన చోటు చూపించాలి. నెగ్గినవాళ్ళకి సర్టిఫికెట్ ఇస్తారు. తప్పినవాళ్ళు ఊళ్ళో తిరిగే ఉద్యోగాలకి పనికిరారు, ఎవరికీ దారి కూడా చెప్పకూడదు. అంకమ్మరావుకి గుండెల్లో రాయి పడింది. పరీక్ష తప్పితే తాళం అప్పజెప్పాలి. ఆయన చేతిలోంచి తాళం పోతే దిగువపేటకి నీళ్ళుండవు. నాలుగో వాల్వుని రెండు చుట్లు బిగించి, పదకొండోదాన్ని అరచుట్టు వదిలితే తప్ప ఆ కిందికొసకి ధార చేరదు. ఆ సంగతి ఆయన వేళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

పరీక్షకుడు సంస్థ నుంచే వచ్చి కౌన్సిల్ హాల్లో కూర్చున్నాడు. "కళ్ళు మూసుకోండి. ట్యాంకు ఎటుందో చేత్తో చూపించండి" అన్నాడు.

అంకమ్మరావు కళ్ళు మూసుకుని, తడుముకోకుండా చెయ్యి చాపాడు. పరీక్షకుడు పటం చూసుకుని పెదవి విరిచాడు.

"తప్పండీ. సరిగ్గా దానికి వ్యతిరేకం."

అంకమ్మరావు కళ్ళు తెరిచాడు. తను చూపించిన వేలికి సూటిగా కిటికీ ఉంది. కిటికీలోంచి మిట్ట, మిట్ట మీద ట్యాంకు, ట్యాంకు మీద కూర్చున్న కొంగ కూడా కనిపిస్తున్నాయి.

"అదే కదండీ ట్యాంకు. కనపడుతుంది గదా."

"కనపడటం వేరు, ప్రమాణం వేరు. మేం పరీక్షిస్తున్నది మీ మెదడుని, కిటికీని కాదు" అని పరీక్షకుడు సున్నా వేశాడు. తరవాతివాళ్ళకి ఇబ్బంది కలగకుండా ఆ కిటికీకి కర్ర చెక్కలు కొట్టించాడు కూడా.

జనన మరణాల విభాగంలో పనిచేసే ప్రణీత్‌కి నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. ఆ కుర్రాడు జన్మలో వాల్వు చూడలేదు. అందుకే అంత శుభ్రంగా నేర్చుకోగలిగాడని పరీక్షకుడు మెచ్చుకున్నాడు. తాళం అతనికిచ్చారు. అంకమ్మరావుని ఆఫీసుకి ఎదురుగా ఉన్న పార్కులో వాచ్‌మన్‌గా వేశారు. తాళం చేతులు మారుతుంటే ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. "నాలుగోదాన్ని రెండు చుట్లు బిగించు నాయనా" అని మాత్రం చెప్పాడు. "నాలుగోది అంటే అక్షాంశం ఎంతండీ?" అని ప్రణీత్ ఎంతో మర్యాదగా అడిగాడు.

దిగువపేటలో మూడోరోజుకి కుళాయిలు గాలి వదలసాగాయి. ఆడవాళ్ళు బిందెలు చంకనెట్టుకుని చేలల్లో బోర్ల చుట్టూ తిరుగుతున్నారు. ఉత్తర్వుని మెచ్చుకున్న సీతారావమ్మ కూడా ఆ తిరిగేవాళ్ళలో ఉంది. "నీ పైనా కిందా మాటలే బాగుండేవయ్యా. వాటికి తోడు నీళ్ళన్నా వచ్చేవి" అంది. ఆ మాటకి అంకమ్మరావు నవ్వి, ఆవిడ చంకలో బిందె తనందుకున్నాడు.

ఈలోగా వేములేరుకి 'ఉత్తమ ఏకపట పట్టణం' అవార్డు రాబోతోందని కబురొచ్చింది. కమిటీవాళ్ళు స్వయంగా వచ్చి చూస్తారట. హైవే దిగి ఊళ్ళోకొచ్చే చోట, మిట్ట కింద, స్వాగత తోరణం కట్టాలని నిర్ణయించారు. స్తంభాలకి గుంటలు తవ్వాలి. పటం ప్రకారం అక్కడుండేది దిగువపేట. దిగువపేటలో సన్న గొట్టాలు తప్ప ఏమీ ఉండవు కనక ఎంత లోతు తవ్వినా భయం లేదని ఆఫీసు నుంచి రాతపూర్వకంగా అనుమతిచ్చారు. కమిటీ రావలసిన రోజు పొద్దున్నే పొక్లెయిన్ వచ్చి, ఒక్క పోటు పొడిచింది. ట్యాంకు నుంచి ఊరంతటికీ దిగే పెద్ద గొట్టం పగిలింది.

నీళ్ళు తోరణమంత ఎత్తు లేచి, మెయిన్ రోడ్డు పట్టుకుని కిందికి పారుకుంటూ వచ్చి, ఆఫీసు ముందు షామియానాలో వేసిన కుర్చీల్ని తేల్చేశాయి. ప్రణీత్ తాళం భుజాన వేసుకుని, ట్యాంకు దగ్గర వాల్వు కట్టెయ్యడానికి దక్షిణం వైపు పరిగెత్తాడు. పావుగంటకి కమిషనర్ గారికి ఫోను చేశాడు.

"ట్యాంకు ఉండాల్సిన చోటికే వచ్చాను సార్. ట్యాంకు మాత్రం లేదు. ఇక్కడ కొందరు ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నన్ను చుట్టుముట్టారు సార్."

ఫోను అక్కడితో ఆగిపోయింది. కమిషనర్ గారు ప్యాంటు మడిచి, మోకాలి లోతు నీళ్ళలో రోడ్డు దాటి పార్కులోకి వచ్చారు. అంకమ్మరావు గేటు పట్టుకుని అప్పటికే గిజగిజలాడిపోతున్నాడు. నీళ్ళు వృథాగా పోతుంటే చూడటం ఆయనవల్ల కావడం లేదు. సర్టిఫికెట్ లేనివాడు దారి చెప్పడం నేరం కనక నోరు మూసుకున్నాడు.

"అంకమ్మరావ్, ట్యాంకు ఎటుంది?"

"పైనుందండి."

"పైన అంటే?"

"నీళ్ళొచ్చే వైపు. ఈ నీళ్ళకి ఎదురు నడుచుకుంటూ పోతే వచ్చేస్తదండి. దానికి తాళం అక్కర్లేదు, చేత్తో తిప్పే చక్రం ఉంది. రండి, పోదాం."

ఆయన పంచె ఎగ్గట్టి ముందు నడిచాడు. వెనక కమిషనర్ గారు, ఆయన వెనక సూపరింటెండెంటు గారు, వైస్ చైర్మన్ గారు, గుమాస్తాలు, మేస్త్రి, అటెండరు. జారిపడకుండా ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఏటికి ఎదురీదే గొర్రెల్లాగా మిట్ట ఎక్కారు. అంకమ్మరావు చక్రం పట్టి ముప్పై చుట్లు తిప్పాడు. గొట్టం గురగురలాడి ఊరుకుంది.

సరిగ్గా అప్పుడే హైవే దిగి కమిటీ కార్లు వచ్చి ఆగాయి. లోపలున్నవాళ్ళకి ఒక మునిసిపాలిటీ ఉద్యోగులంతా ఒక్కడి వెనక, ఒకే వరసలో, ఒకే దిక్కుకి, మారుమాట లేకుండా నడిచొచ్చిన దృశ్యం కనిపించింది. 'ఇంతమంది మెదళ్ళలో ఒకే పటము ఉండుట మేమెక్కడా చూడలేదు' అని రాసుకుని, కారు దిగకుండానే అవార్డు ప్రకటించి వెళ్ళిపోయారు.

అవార్డు వచ్చింది గానీ చిక్కు మిగిలింది. ఊరిని నడిపించినవాడికి సర్టిఫికెట్ లేదు. అది బయటపడితే అవార్డు వెనక్కి పోతుంది. మళ్ళీ పూర్ణచంద్రం గారే ఆలోచించారు.

"ఆయన్ని ఉద్యోగిగా చూస్తే నేరం సార్. పటంగా చూస్తే నిబంధనే. మనం ఆ రోజు పటాన్ని అనుసరించాం. పటానికి సర్టిఫికెట్ ఎవరడుగుతారు?"

ఆ సాయంత్రమే సామాన్ల రిజిస్టరులో ఎక్కింది: 'ప్రామాణిక పటము, ఒకటి, సజీవము.' పటాన్ని ఆఫీసులోనే భద్రంగా ఉంచాలి కనక అంకమ్మరావుని తెచ్చి కౌన్సిల్ హాల్లో, గోడ పటం కింద, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఎండ తగలకూడదు, తడవకూడదు. బయటికి పంపాలంటే నలుగురి సంతకాలు కావాలి. ఎవరికైనా సందేహమొస్తే వచ్చి చూసుకుని పోతారు. పగిలిన గొట్టానికి అతుకేసినా దిగువపేట కుళాయిలు గాలి వదులుతూనే ఉన్నాయి. ఆయన కూర్చున్నచోటే కుడిచెయ్యి గాల్లో రెండు చుట్లు తిప్పుకునేవాడు. అంతకంటే ఏం చెయ్యగలడు?

నాలుగోరోజు సీతారావమ్మ ఖాళీ బిందె చంకనెట్టుకుని తిన్నగా కౌన్సిల్ హాల్లోకి నడిచొచ్చింది. లోపల సమావేశం నడుస్తోంది.

"మా ఆయన్ని ఇంటికి పంపించమని అడగటానికి రాలేదండీ. ఆయన పటమని మీరే రాసుకున్నారంట. బాగానే ఉంది. పటాన్ని ఇట్టా చుట్టి మూలన నిలబెడితే ఎవరికి పనికొస్తదండీ? పరచాలి గదా?"

కమిషనర్ గారు పూర్ణచంద్రం గారి వైపు చూశారు. పూర్ణచంద్రం గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. పటాన్ని పరచకూడదని ఎక్కడా లేదు. గోవర్ధనం గారు పరిచేటప్పుడు తల ఎటుంటుందని అడిగారు. "ట్యాంకు దగ్గరుంటదండీ" అని పటమే జవాబు చెప్పింది. అది ఏ దిక్కో ఆయన అడగలేదు, అడిగితే కిటికీకి కొట్టిన చెక్కలు ఊడదీయాల్సి వచ్చేది.

మర్నాడు ఉత్తర్వు: 'సజీవ పటమును ప్రతిదినము తెల్లవారుజామున పట్టణముపై పూర్తిగా పరచి, పనియైన పిమ్మట జాగ్రత్తగా చుట్టి కార్యాలయమునకు చేర్చవలెను. పటమును పరచుటకు అవసరమగు ఇనప తాళమొకటి దానికి జతపరచడమైనది.' ప్రణీత్ తాళం తెచ్చిచ్చి, బతికిపోయానండీ అన్నాడు. అంకమ్మరావు దాన్ని సంతోషంగా సైకిలుకి కట్టుకుని బయల్దేరాడు. నాలుగోదాన్ని రెండు చుట్లు బిగించి, పదకొండోదాన్ని అరచుట్టు వదిలాడు. దిగువపేటలో ధార పడింది.

ఏడాది చివర జిల్లా నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. రిజిస్టరు పట్టుకుని బల్లలు లెక్కపెట్టాడు, బీరువాలు లెక్కపెట్టాడు, పటం దగ్గరికొచ్చి ఆగాడు. చుట్టూ తిరిగి చూశాడు. ఎక్కడా చిరగలేదు, మడతల దగ్గర కొంచెం అరిగింది.

"ప్రతి పటానికీ కొలమానం ఉండాలి. సెంటీమీటరుకి ఇన్ని మీటర్లని అడుగున రాసుండాలి. దీనికి లేదే" అన్నాడు.

కమిషనర్ గారు మళ్ళీ పూర్ణచంద్రం గారి వైపు చూశారు. పూర్ణచంద్రం గారు మొదటిసారి పైకప్పు వైపు చూశారు.

"ఉందండి" అన్నాడు అంకమ్మరావు. "ఇంటికి ఆరు బిందెలు."

అధికారి కలం తీసి, కొలమానం అన్న గడిలో అదే రాసుకున్నాడు.